ఆర్మీలో ‘జనరల్’ డిశ్చార్జ్ ఇచ్చి పంపేశారు, ఇప్పుడు దాన్ని మార్పించుకోవచ్చా అన్నా?

ఈసారి లెటర్ డాలస్ దగ్గర్నుంచి ఒక తమ్ముడు రాశాడు. చాలా పెద్ద లెటర్, గుర్తుపట్టేలా ఉన్నవి తీసేసి విషయం వరకు చెప్తాను.

వాళ్లది తెలంగాణలో ఒక చిన్న టౌన్. ఎంఎస్ కోసం అమెరికా వచ్చాడు, ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకునే పర్మిషన్) అయిపోవస్తోంది, హెచ్1 వీసా లాటరీలో పేరు రాలేదు. అప్పుడు మావ్నీ గురించి ఎవరో చెప్పారు. తెలియనివాళ్ల కోసం, గ్రీన్ కార్డు లేకపోయినా లీగల్‌గా ఉంటూ ఆర్మీకి అవసరమైన భాషలు వచ్చినవాళ్లని, డాక్టర్లని, నర్సుల్ని అమెరికా మిలిటరీలోకి తీసుకున్న స్కీమ్ అది, 2009లో మొదలై 2016లో ఆగిపోయింది. ఇతను హిందీ వచ్చని 2014లో ఆర్మీలో చేరాడు, బేసిక్ ట్రైనింగ్ అయ్యేసరికి సిటిజన్‌షిప్ చేతికొచ్చింది. ఊళ్లో నాన్నకి అప్పట్నుంచీ ఒకటే మాట, “మా వోడు అమెరికా మిలిటరీల చేస్తుండు.”

కొలరాడోలో ఫోర్ట్ కార్సన్‌లో సప్లై పని. మొదటి రెండేళ్లూ బాగా జరిగింది, మెడల్ కూడా వచ్చింది. తర్వాత అఫ్ఘానిస్తాన్, బాగ్రామ్ బేస్. అక్కడ సైరన్ మోగితే బోర్లా పడుకోవడం అలవాటైపోయిందట, ఒకరోజు రాకెట్ వీళ్ల యార్డ్ పక్కనే పడి తనతో పనిచేసే ఒకతనికి కాలు పోయింది. 2017లో తిరిగొచ్చాక నిద్ర లేదు. తాగుడు మొదలైంది, పొద్దున ఫార్మేషన్‌కి (అందరూ లైన్లో హాజరవ్వాల్సిన టైముకి) లేట్, తప్పులు రాసిచ్చే కౌన్సెలింగ్ పేపర్లు, ఒక ఆర్టికల్ 15, అంటే కోర్టు దాకా పోకుండా కమాండరే వేసే శిక్ష. చివరికి ఎవరో ఇది తాగితే నిద్ర పడుతుంది అంటే గంజాయి తాగాడు, కొన్నాళ్లకే యూరిన్ టెస్ట్‌లో దొరికిపోయాడు. ర్యాంక్ తగ్గించి, 2018లో చాప్టర్ 14 (తప్పు చేసినవాళ్లని తీసేసే రూల్) కింద పంపేశారు. సర్వీస్ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే కాగితం డీడీ-214 మీద ‘జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్’, కారణం దగ్గర ‘మిస్‌కండక్ట్, డ్రగ్ అబ్యూజ్’.

ఇప్పుడు వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్. పెళ్లయింది, ఇంట్లోవాళ్లకీ భార్యకీ కాంట్రాక్ట్ అయిపోయిందనే చెప్పాడు. మొన్న నవంబర్‌లో వెటరన్స్ డేకి అక్కడి తెలుగు అసోసియేషన్ వాళ్లు స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పుతాం, యూనిఫామ్ ఫోటో పంపండి అంటే ఒంట్లో బాలేదని తప్పించుకున్నాడు. నర్సింగ్ చదవాలని ఉంది, మిలిటరీలో చేసినవాళ్ల చదువు ఖర్చు గవర్నమెంట్ పెట్టుకునే జీఐ బిల్ వస్తే ఫీజు గురించి ఆలోచించక్కర్లేదు, కానీ రాదు. ఫ్రెండ్ ఒకడేమో ఆరు నెలలు దాటితే డిశ్చార్జ్ దానంతటదే ఆనరబుల్ అవుతుంది అన్నాడు. ఇంకొకతను డబ్బు కడితే గ్యారంటీగా మార్పిస్తా అంటున్నాడు. అప్లై చేస్తే పాత ఫైల్ తెరిచి సిటిజన్‌షిప్ లాగేసుకుంటారా అని భయం. మెంటల్ హెల్త్ సంగతి రాయాలా వద్దా అని ఇంకో భయం. తను రాసుకున్న ఐదు పేజీల డ్రాఫ్ట్ కూడా లెటర్‌తో పంపాడు.

తమ్ముడూ, ముందు తేలిగ్గా తేలిపోయేవి తీసేద్దాం. ఆరు నెలల మాట అబద్ధం. దానంతటదే మారే డిశ్చార్జ్ అనేది లేదు, ఎప్పుడూ లేదు, ఇది బ్యారక్స్‌లో ఒకరి నోటి నుంచి ఒకరికి పాకే కథ. నువ్వు అప్లికేషన్ పెట్టుకోవాలి, బోర్డు చూడాలి, ఒప్పుకోవాలి. గ్యారంటీ ఇస్తానన్నవాడికి రూపాయి ఇవ్వకు. ఈ పని తెలిసిన లాయర్ ఎవరూ రిజల్ట్‌కి గ్యారంటీ ఇవ్వడు, ఎందుకంటే బోర్డు కాదు అనే కేసులే ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. నీ లెటర్ మొత్తం చదివితే నీకొచ్చింది డిసానరబుల్ అన్నట్టు రాశావు. కాదు కదా. డిసానరబుల్, బ్యాడ్ కండక్ట్ రెండూ కోర్ట్ మార్షల్ అయితేనే ఇస్తారు. ఆ రెండిటికీ పైన అదర్ దేన్ ఆనరబుల్, దాని పైన జనరల్, అన్నిటికంటే పైన ఆనరబుల్. నువ్వు పై నుంచి రెండో మెట్టు మీద ఉన్నావు. నీకు పోయిన వాటిలో పెద్దది జీఐ బిల్, దానికి మాత్రం పూర్తి ఆనరబుల్ కావాలి. ఇదేం చిన్న విషయం కాదు, మూడేళ్లు దాటి యాక్టివ్ డ్యూటీ చేశావు కాబట్టి డిశ్చార్జ్ మారితే స్టేట్ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ ఫీజు మొత్తం 36 నెలల పాటు వస్తుంది, ఇంటి అద్దెకి అలవెన్స్ వేరే. 2013 జనవరి తర్వాత బయటికొచ్చిన వాళ్లకి దాన్ని ఇన్నేళ్లలో వాడుకోవాలన్న గడువు కూడా ఎత్తేశారు. అంటే ఇప్పుడు మారినా, ఇంకో మూడేళ్లకి మారినా నీకు పనికొస్తుంది.

కానీ మిగతావి పోలేదు. జనరల్ మీద వీఏ (మాజీ సైనికుల సంగతి చూసే గవర్నమెంట్ శాఖ) హాస్పిటల్‌కి వెళ్లొచ్చు, డిసబిలిటీ క్లెయిమ్ వేసుకోవచ్చు, వీఏ హోమ్ లోన్ ఉంటుంది, ఫెడరల్ ఉద్యోగాల్లో వెటరన్స్ ప్రిఫరెన్స్‌కి కూడా జనరల్ అడ్డు కాదు. ఇన్నేళ్లుగా నిద్రమాత్రలు సొంత డబ్బుతో కొనుక్కుంటున్నా, వీఏ గుమ్మం ఎక్కలేదు, నేను ఎలిజిబుల్ కాదు కదా అని రాశావు చూడు, అది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది, నీ మీద కాదు, బయటికి పంపేటప్పుడు కూర్చోబెట్టి ఈ నాలుగు మాటలు చెప్పని వాళ్ల మీద. నువ్వు వెటరన్‌వే. వాళ్లు శాలువా కప్పితే కప్పించుకోవడంలో మోసం ఏమీ లేదు, ఇష్టం లేకపోతే అది వేరే సంగతి.

సిటిజన్‌షిప్ భయం ఊరికే పుట్టింది కాదు, దాని వెనక నిజంగా ఒక చట్టం ఉంది. 2003 నవంబర్ తర్వాత మిలిటరీ సర్వీస్ మీద సిటిజన్ అయినవాళ్లు, మొత్తం ఐదేళ్ల ఆనరబుల్ సర్వీస్ పూర్తి కాకముందే ‘అదర్ దేన్ ఆనరబుల్’ కండిషన్స్‌లో బయటికొస్తే ఆ సిటిజన్‌షిప్ రద్దు చేసే అధికారం గవర్నమెంట్‌కి ఉంది. నువ్వు ఐదేళ్లు చేయలేదు, అందుకే ఎవరో నిన్ను భయపెట్టారు. కానీ నీ పేపర్ మీదున్నది ‘అండర్ ఆనరబుల్ కండిషన్స్’. ఆ రూల్ కిందికి నువ్వు రావు. పైగా రివ్యూ బోర్డు నీ డిశ్చార్జ్‌ని ఉన్నదానికంటే కిందికి దించడానికి లేదు, రూల్సే ఒప్పుకోవు, మహా అయితే మార్చం అంటారు. అయినా మనసు ఊరుకోకపోతే మిలిటరీ కేసులు తెలిసిన ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక్కసారి డీడీ-214 చూపించు. అదే మావ్నీలో వచ్చి ‘అదర్ దేన్ ఆనరబుల్’తో బయటపడినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం లాయర్‌ని కలవకుండా ఏ ఫారమూ పంపొద్దు, మీ లెక్క వేరు.

ఎక్కడికి అప్లై చేయాలి అంటే ఆర్మీ డిశ్చార్జ్ రివ్యూ బోర్డు, డీడీ ఫారం 293. బయటికొచ్చిన 15 ఏళ్ల లోపు వేయాలి, నీకు 2033 దాకా టైముంది. 15 ఏళ్లు దాటినవాళ్లు, ఇక్కడ కాదనిపించుకున్నవాళ్లు రికార్డులు సరిచేసే ఇంకో బోర్డుకి డీడీ ఫారం 149 మీద వెళ్తారు, అక్కడ మూడేళ్ల గడువు అంటారు కానీ న్యాయం కోసం అవసరమనిపిస్తే వాళ్లే దాన్ని పక్కన పెట్టొచ్చు. ఆ పైన ఇంకో అప్పీల్ బోర్డు కొత్తగా పెట్టారు గానీ అది 2019 డిసెంబర్ 20 నుంచి డిశ్చార్జ్ అయినవాళ్లకే, నీకు వర్తించదు.

బోర్డు ప్రధానంగా చూసేది రెండు. ఒకటి, నిన్ను పంపడంలో రూల్స్ తప్పారా. రెండు, రూల్స్ ప్రకారమే పంపినా అది న్యాయంగా ఉందా. మొదటిదానికి నీ సెపరేషన్ ప్యాకెట్, అంటే నిన్ను పంపేటప్పుడు తయారైన కాగితాలు మొత్తం కావాలి. నీ దగ్గర డీడీ-214 ఒక్కటే ఉందన్నావు. సెయింట్ లూయిస్‌లో నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్ ఉంటుంది, ఎస్ఎఫ్-180 ఫారం పంపి నీ ఫైల్, మెడికల్ రికార్డులు అడుగు, ఆన్‌లైన్‌లో కూడా అడగొచ్చు. వచ్చాక చూడాల్సినవి: నోటీసు నీకు ఏ తేదీన ఇచ్చారు, మిలిటరీ లాయర్‌తో మాట్లాడే హక్కు ఉందని చెప్పారా, మెంటల్ స్టేటస్ పరీక్ష చేసిన కాగితం ఉందా, ఉంటే అందులో నిద్ర గురించి నువ్వేం చెప్పావు, వాళ్లేం రాశారు. పంపేముందు నాకు బోర్డు హియరింగ్ కూడా ఇవ్వలేదు అని రాశావు, ఆరేళ్ల సర్వీస్ లేనివాళ్లకి జనరల్ ఇచ్చేటప్పుడు ఆ హియరింగ్ హక్కు ఉండదు, కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడకు. ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, నీలాంటి కేసుల్లో రూల్ తప్పింది అని గెలవడం కష్టం, టెస్ట్ పాజిటివ్ వచ్చింది, నువ్వు తాగానని ఒప్పుకున్నావు. నీ బలం రెండోదాంట్లో ఉంది.

2014 నుంచి 2018 మధ్య పెంటగాన్ ఈ బోర్డులకి వరసగా మెమోలు పంపింది. అందులో నీకు ముఖ్యం 2017 ఆగస్టులో వచ్చిన కుర్టా మెమో. పీటీఎస్‌డీ (భయంకరమైనవి చూశాక మనసుకి తగిలే దెబ్బ) లాంటివి ఉన్నవాళ్ల అప్లికేషన్లని ఉదారంగా చూడండి అని చెప్పి, నాలుగు ప్రశ్నలు వేసుకోమంది. ఈ మనిషికి అలాంటి కండిషన్ గానీ అనుభవం గానీ ఉందా, అది సర్వీస్‌లో ఉండగా జరిగిందా, చేసిన తప్పుకి అది నిజంగా కారణమా, ఆ కారణం ఈ డిశ్చార్జ్ కంటే బరువైనదా. నిద్ర కోసమో బాధ తగ్గడానికో సొంతంగా మత్తు వాడటాన్ని కూడా ఈ కోణంలో చూడొచ్చని అందులోనే ఉంది. 2018 జూలైలో వచ్చిన విల్కీ మెమో మెంటల్ హెల్త్ లేని కేసులకి కూడా వర్తిస్తుంది, శిక్ష అవసరమైనంత వరకే ఉండాలి, రెండో అవకాశం ఇచ్చే వైపు మొగ్గు చూపండి అనే ధోరణిలో ఉంటుంది, బయటికొచ్చాక నువ్వు ఎలా బతికావో కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ నాలుగు ప్రశ్నలు పక్కన పెట్టుకుని నీ డ్రాఫ్ట్ మళ్లీ చదువు. రెండు పేజీలు నీ పైనున్న సార్జెంట్ గురించే. ఒక పేజీ కొలరాడోలో గంజాయి లీగల్ అని. బాగ్రామ్ గురించి ఎంత రాశావో తెలుసా, ఒక్క లైను: “డిప్లాయ్‌మెంట్‌లో కొంచెం స్ట్రెస్ ఉండేది.” కాలు పోయినతను నీ డ్రాఫ్ట్‌లో అసలు లేడు! నాకు రాసిన లెటర్‌లో ఉన్నాడు. తిరిగొచ్చాక బ్యారక్స్‌లో ఫైర్ అలారం టెస్ట్ చేస్తే కారిడార్‌లో బోర్లా పడుకుండిపోయాను, పక్క రూమ్ వాడు చూసి నవ్వాడు అని కూడా నాకు రాశావు, బోర్డుకి రాయలేదు. ఆ నవ్వినవాడే నీ సాక్షి తమ్ముడూ, వాణ్ణి ఫేస్‌బుక్‌లో వెతుకు. ఏ నెలలో, ఎక్కడ, తను కళ్లారా ఏం చూశాడో ఒక పేజీ రాసి సంతకం పెట్టి ఇస్తే అది నీ ఐదు పేజీల కంటే ఎక్కువ పని చేస్తుంది.

సార్జెంట్ సంగతి పూర్తిగా తీసేయమనట్లేదు. అదే టెస్ట్‌లో దొరికిన ఇంకో ఇద్దర్ని ఉంచేశారు అన్నావు, అది నిజమై, చెప్పేవాళ్లుంటే ఒక పేరా రాయి, ఒకే తప్పుకి వేరే వేరే శిక్ష అనేది బోర్డు పట్టించుకునే పాయింటే. ఆయనకి ఇండియన్స్ అంటే పడదు అని నువ్వు అనుకోవడం మాత్రం సాక్ష్యం కాదు. గంజాయి లీగల్ అనే పేజీ కూడా అంతే. ఇప్పుడు కొన్ని స్టేట్స్‌లో లీగల్ కాబట్టి ఒకప్పటి అంత పెద్ద తప్పుగా చూడనక్కర్లేదని ఆ మెమోల్లోనే ఉంది, అది బోర్డుకి గుర్తు చేయడానికి రెండు లైన్లు చాలు. లీగల్ కాబట్టి తాగా అని మాత్రం రాయకు. సోల్జర్‌కి ఏ స్టేట్‌లో ఉన్నా తప్పే అని యూరిన్ టెస్ట్‌కి లైన్లో నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. ‘తాగడం తప్పు, తెలిసే చేశా, వారాల తరబడి నిద్ర లేక చేశా, బాగ్రామ్‌కి ముందు రెండేళ్లలో నా మీద ఒక్క కంప్లెయింట్ లేదు’, ఇలా వరసలో వస్తే చదివేవాడికి డేట్లే కథ చెప్తాయి.

మెంటల్ హెల్త్ రాస్తే ఉద్యోగం పోతుందా, అందరికీ తెలిసిపోతుందా అన్నావు. బోర్డు నిర్ణయాల్ని ఆన్‌లైన్‌లో పెడతారు, నిజమే, కానీ పేర్లు తీసేసి పెడతారు. నువ్వు కూడా నీలాంటి కేసులు కొన్ని తీసి చదువు, ఏ కాగితం ఉన్నవాళ్లకి అవునన్నారో అర్థమవుతుంది. అప్లై చేసిన సంగతి నీ వేర్‌హౌస్ వాళ్లకి ఎవరూ చెప్పరు. రేపు నర్సింగ్ లైసెన్స్ అప్పుడు స్టేట్ బోర్డు కొన్ని ప్రశ్నలు అడగొచ్చు, అది ముందే చూసుకో, కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లి ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నవాడి కంటే వెళ్లకుండా దాచుకున్నవాడికే ఇబ్బందులెక్కువ.

ఇక దారులు. ఒకటి, ఉన్న కాగితాలతో ఇప్పుడే రికార్డ్స్ రివ్యూ, అంటే నువ్వు వెళ్లి మాట్లాడకుండా కాగితాల మీదే తేల్చమని అడగడం. ఖర్చు లేదు, కానీ నీ దగ్గర ఇప్పుడు డయాగ్నసిస్ లేదు, సాక్షులు లేరు, ఫైల్ లేదు. నీ మాటని కూడా సాక్ష్యంగా తీసుకోమని మెమోల్లో ఉన్నా, ఉత్త మాట మీద గెలవడం కష్టం. కాదంటే తర్వాత హియరింగ్ అడగొచ్చు. ముందే హియరింగ్‌కి వెళ్తే మాత్రం మళ్లీ వెనక్కొచ్చి రికార్డ్స్ రివ్యూ అడగడానికి ఉండదు, అందుకే చాలామంది మొదట కాగితాల మీద ప్రయత్నించి, కాకపోతే హియరింగ్‌కి వెళ్తారు. మాట్లాడితేనే నీ బాధ తెలుస్తుంది అనుకుంటే నేరుగా హియరింగే మంచిదనేవాళ్లూ ఉన్నారు, వీడియోలో కూడా జరుగుతున్నాయి.

రెండోది, ముందు వీఏకి వెళ్లి డిసబిలిటీ క్లెయిమ్ వేసి, అది తేలాక బోర్డుకి వెళ్లడం. ఆలస్యం అవుతుంది, రెండూ కలిపి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యపోకు, ఈలోగా నర్సింగ్ సీటు వాయిదా వేసుకోవాలి, లేదా లోన్ మీద మొదలుపెట్టాలి. కానీ వీఏ వాళ్లే ఇది సర్వీస్ వల్ల వచ్చిన పీటీఎస్‌డీ అని తేలిస్తే కుర్టా ప్రశ్నల్లో మొదటి రెండిటికీ జవాబు వాళ్లే ఇచ్చినట్టు. డిప్లాయ్‌మెంట్ వల్ల అలాంటి డయాగ్నసిస్ ఉన్నవాడి కేసు చూసే బోర్డులో ఒక డాక్టరో సైకాలజిస్టో సైకియాట్రిస్టో ఉండి తీరాలని చట్టంలో కూడా ఉంది. బోర్డు కాదన్నా నీకు ట్రీట్‌మెంట్ మిగులుతుంది, డిసబిలిటీ ఇంత శాతం అని రేటింగ్ వస్తే నెల నెలా డబ్బు మిగులుతుంది. ఒకవేళ వీఏ పీటీఎస్‌డీ కాదు అంటే? అప్పుడు బోర్డు దగ్గర అది నీకు ఎదురు తిరుగుతుంది, ఆ రిస్క్ ఉంది.

మూడోది, డిశ్చార్జ్ జోలికే పోకుండా వీఏ వరకు తీసుకుని, చదువుకి వేరే దారి చూసుకోవడం. నీకు నర్సింగ్ కంటే ఈ కాగితం మళ్లీ తవ్వకుండా ఉండటమే ముఖ్యమైతే అదీ తప్పు కాదు, 2033 దాకా తలుపు తెరిచే ఉంటుంది. కాకపోతే సాక్షులు దూరమైపోతారు, నంబర్లు మారిపోతాయి.

నన్నడిగితే రెండోదానికే మొగ్గుతాను, ఒక మార్పుతో: ఫైల్ తెప్పించడం, సాక్షుల్ని వెతకడం రెండూ ఈ నెలలోనే మొదలుపెట్టు, అవి ఏ దారికైనా కావాల్సినవే. క్లెయిమ్ వేయడానికి మీ కౌంటీ వెటరన్స్ ఆఫీస్ వాళ్లు గానీ, అమెరికన్ లీజియన్, డీఏవీ లాంటి వెటరన్స్ సంఘాల వాళ్లు గానీ డబ్బు తీసుకోకుండా సాయం చేస్తారు. డిశ్చార్జ్ అప్లికేషన్‌కి లా స్కూల్స్‌లో వెటరన్స్ క్లినిక్‌లు ఉంటాయి, నేషనల్ వెటరన్స్ లీగల్ సర్వీసెస్ ప్రోగ్రామ్ అని ఒకటుంది, అక్కడ ఎంక్వైరీ చెయ్. కొన్ని రాత్రులు బతకాలనిపించదు అని లెటర్‌లో మధ్యలో ఒక మాట అని దాటేశావు. అలాంటి రాత్రి వస్తే 988కి కాల్ చేసి 1 నొక్కు, అది వెటరన్స్ కోసమే ఉన్న లైను, డిశ్చార్జ్ ఏంటని అడగరు. వీఏకి మొదటిసారి వెళ్లినప్పుడు ఈ మాట కూడా దాచకుండా చెప్పు.

ఇంట్లో చెప్పడం గురించి. నాన్నకి చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం, బోర్డుకి దానితో పనిలేదు, ఊళ్లో ఆయన చెప్పుకునేది అబద్ధమూ కాదు, నువ్వు ఆర్మీలో చేశావు, బాగ్రామ్ వెళ్లొచ్చావు. భార్య సంగతి వేరు. రాత్రుళ్లు నువ్వు లేచి హాల్లో కూర్చోవడం రోజూ చూస్తున్నది ఆమె, అది బోర్డుకీ వీఏకీ ఇద్దరికీ కావాల్సిన సాక్ష్యం. అసలు సంగతి తెలియకుండా ఆమె ఆ లెటర్ రాయలేదు, కాబట్టి ముందు ఆమెకి చెప్పు, ఫారాలు నింపాక కాదు. చెప్పినరోజే లెటర్ అడక్కు, కొంచెం టైమివ్వు, కోపం వస్తుంది, గంజాయి కంటే దాచినందుకే ఎక్కువ వస్తుంది. రాస్తానంటే ఆమె మాటల్లోనే రాయనివ్వు, నువ్వు డ్రాఫ్ట్ చేసి సంతకం పెట్టించుకుంటే బోర్డు వాళ్లు మొదటి పేరాలోనే పట్టేస్తారు.